చమురుబావుల వద్ద మండిపోవు ఇంధనము

రాత్రివేళ ఉపగ్రహములు తీసిన భూగోళపు ఛాయాచిత్రములలో మహానగరములు కాంతిపుంజములవలె కనిపించును. అయితే నగరము గాని గ్రామము గాని లేని తావులలో కూడ కొన్ని పెద్ద వెలుగులు కానవచ్చును. పశ్చిమ సైబీరియాలోని మంచుబయళ్లు, ఇరాకులోని ఎడారులు, ఆఫ్రికాలో నైజరునది సముద్రమున కలియు చిత్తడినేలలు, అమెరికాలోని నార్త్ డకోటా మైదానములు ఇట్టి తావులు. ఈ వెలుగులు దీపములు కావు. చమురుబావుల చెంత నిలిపిన ఎత్తైన గొట్టముల కొనలయందు రేయింబవళ్లు మండుచుండు సహజవాయువు జ్వాలలు. చమురు పరిశ్రమలో వీనిని ఫ్లేరు మంటలందురు.

ఈ జ్వాలల వేడిని ఉపగ్రహములనుండి కొలిచి, ఎంత వాయువు మండిపోవుచున్నదో అంచనా కట్టుచున్నారు. ప్రపంచబ్యాంకు ప్రకటించిన లెక్క ప్రకారము 2023లో లోకమంతట ఈ విధముగా మండిపోయిన వాయువు సుమారు 14,800 కోట్ల ఘనపు మీటర్లు. ఒక ఘనపు మీటరు సహజవాయువు మండినపుడు వచ్చు శక్తియు, ఒక లీటరు డీజిలు మండినపుడు వచ్చు శక్తియు దాదాపు సమానములు. అనగా ఒక్క సంవత్సరములో 14,000 కోట్ల లీటర్లకు మించిన డీజిలుకు సరిపడు శక్తి ఎవరికిని ఉపయోగపడక ఆకాశము పాలైనది. అన్నము వండుకొనుటకు పుల్లలు ఏరుకొను కుటుంబములు కోట్లకొలదిగా ఉన్న లోకమున ఇది చిన్న నష్టము కాదు.

వాయువును డీజిలువంటి ద్రవముగా మార్చు విద్య కొత్తది కాదు. దాని కీలకము జర్మనీలో 1920-30 సంవత్సరముల మధ్యనే తెలిసినది. తెలిసి నూరేండ్లు కావచ్చినను ఈ మంటలు ఏల ఆరలేదు? ఈ ప్రశ్నకు సమాధానము కొంత మీథేను అణువు స్వభావములోను, కొంత ఉత్ప్రేరకములు పనిచేయు తీరులోను, మిగిలినది ఆ ఉత్ప్రేరకములకు నెలవైన యంత్రముల పరిమాణములోను ఉన్నది.

వాయువును ఏల మండింతురు?

గోలీసోడా సీసాలోని నీటియందు బొగ్గుపులుసు వాయువు ఒత్తిడివలన కరగియుండును. గోలీని లోపలికి నొక్కగానే ఒత్తిడి తగ్గి, వాయువు బుసబుస పొంగుచు బయటపడును. భూగర్భములో వేల అడుగుల లోతున ఉన్న ముడిచమురు స్థితియు ఇట్టిదే. అక్కడి పీడనమువలన చమురులో మీథేను, ఈథేను, ప్రొపేను మొదలగు వాయువులు కరగియుండును. చమురు బావిలోనుండి పైకి వచ్చినకొలదిని పీడనము తగ్గి ఈ వాయువులు విడివడును. ఇందు అధికభాగము మీథేను. చమురు కొరకు బావి త్రవ్వినవానికి ఇది పిలువని చుట్టము వంటిది.

చమురును పీపాలలో నింపవచ్చును, ఓడలకు ఎక్కింపవచ్చును. వాయువు అట్లు కాదు. సాధారణ పీడనములో ఒక లీటరు డీజిలులోని శక్తిని ఇచ్చు వాయువునకు సుమారు 1,000 లీటర్ల చోటు కావలెను. దానిని తరలించుటకు గొట్టపుమార్గము వేయవలెను, లేదా సున్నకు దిగువ 162 డిగ్రీల సెంటీగ్రేడు వరకు చల్లార్చి ద్రవముగా మార్చవలెను. తిరిగి భూగర్భములోనికే ఎక్కించు పద్ధతియు కలదు. ఈ మూడింటికిని పెద్ద పెట్టుబడి అవసరము. బావి మారుమూలనున్నదై, వాయువు కొద్దిపాటిదైనచో ఈ వ్యయము గిట్టదు.

అట్లని వాయువును ఊరకే వదలరాదు. గాలితో కలిసి అది ప్రేలవచ్చును. అంతేగాక మీథేను వాతావరణములో వేడిని పట్టియుంచు వాయువు. నూరేండ్ల కాలమును లెక్కించి చూచినచో ఒక టన్ను మీథేను కలిగించు వేడిమి ఒక టన్ను బొగ్గుపులుసు వాయువు కలిగించు వేడిమికి 28 రెట్ల ప్రాంతమున ఉండును. కావున ఊరక విడుచుటకంటె మండించుట మేలు. కాని ఈ మేలు కూడ పూర్తిగా నెరవేరుటలేదు. గాలి వీచినపుడు కొంత వాయువు మండకయే పోవును. కొన్ని గొట్టములయందు మంట ఆరిపోయి వాయువు మాత్రము వచ్చుచుండును. అమెరికాలోని చమురుక్షేత్రములపై విమానములతో పరీక్షించి 2022లో ప్రకటించిన పరిశోధనలో, 98 శాతము నాశనమగుచున్నదని అనుకొనిన మీథేను వాస్తవముగా 91 శాతమే నాశనమగుచున్నట్లు తేలినది.

సహజవాయువు ఉధృతి ఆంధ్రులకు తెలియనిది కాదు. కోనసీమలోని పాశర్లపూడి వద్ద 1995 జనవరి 8వ తేదీన ఒక బావి అదుపుతప్పి అంటుకొని, 65 దినములు మండినది. అది ప్రమాదము. దానిని ఆర్పుటకు దేశవిదేశముల నిపుణులు శ్రమించిరి. ఫ్లేరు మంట ప్రమాదము కాదు. బుద్ధిపూర్వకముగా, నిత్యకృత్యముగా జరుగు దహనము. కావుననే దానిని ఆర్పుటకు అంతటి ఆతురత కానరాదు.

మొండి అణువు

మీథేను అణువులో ఒక కర్బన పరమాణువు చుట్టును నాలుగు ఉదజని పరమాణువులు సమదూరములో అమరియుండును. అణువునకు ధన, ఋణ ధ్రువములు లేవు. మరియొక పదార్థము పట్టుకొనుటకు వీలైన కొస ఎక్కడను లేదు. ఒక ఉదజని పరమాణువును విడదీయుటకు మోలు ఒక్కింటికి సుమారు 440 కిలోజౌళ్ల శక్తి కావలెను. కర్బన సమ్మేళనములలో ఇంత మొండిది అరుదు.

మీథేనునకు ఒక్క ఆమ్లజని పరమాణువును చేర్చగలిగినచో మిథనాలు అను ద్రవము వచ్చును. అది మంచి ఇంధనము. కాగితముపై ఈ చర్య మిక్కిలి సులభము. కాని మిథనాలులో కర్బనమునకును ఉదజనికిని నడుమ ఉన్న బంధమును తెంచుటకు సుమారు 400 కిలోజౌళ్లు చాలును. అనగా పుట్టిన పదార్థము, పుట్టించిన పదార్థముకంటె త్వరగా విచ్ఛిన్నమగును. మీథేనును కదిలించునంతటి వేడిని కల్పించినచో, ఏర్పడిన మిథనాలు నిలువక బొగ్గుపులుసు వాయువుగను, నీరుగను మారిపోవును. కొబ్బరికాయ పగులవలెను, నీరు ఒలకరాదు. దెబ్బ ఎంత గట్టిగా ఉండవలెనో, ఎక్కడ ఆగవలెనో తెలిసినవారికే అది సాధ్యము. రసాయనశాస్త్రములో ఆ నేర్పు ఉత్ప్రేరకమునకు కలదు.

ఉత్ప్రేరకము చేయు పని

1817లో ఇంగ్లండునందు హంఫ్రీ డేవీ బొగ్గుగనులలో ప్రేలు వాయువును గూర్చి పరిశోధించుచుండెను. ఆ గనివాయువు ముఖ్యముగా మీథేనే. మండు వాయువును గాలితో కలిపి, అందులో కొంచెము వేడిచేసిన సన్నని ప్లాటినము తీగను ఉంచగా, మంట ఏమియు లేకుండగనే తీగ ఎర్రగా కాలి వెలుగసాగెను. వాయువు తీగ ఉపరితలముపై ఆమ్లజనితో సంయోగము చెందుచుండెను. తీగ మాత్రము తరుగలేదు. ఇట్టి దృష్టాంతములన్నిటిని సమీకరించి 1835లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు బెర్జీలియస్ ఈ శక్తికి ఉత్ప్రేరణమని అర్థమిచ్చు పేరు పెట్టెను.

కొండకు ఇవతల ఒక ఊరు, అవతల ఒక ఊరు ఉన్నవనుకొందము. శిఖరము ఎక్కి దిగవలసి వచ్చినచో బలాఢ్యులు మాత్రమే పోగలరు. నడుమ ఒక కనుమ ఉన్నచో ముసలివారును పోగలరు. ఊళ్లు కదలలేదు, వాని ఎత్తుపల్లములు మారలేదు. దారి మాత్రము సుగమమైనది. ఉత్ప్రేరకము చూపునది ఇట్టి కనుమ. అణువులు దాని ఉపరితలమునకు అంటుకొనును. అచటి లోహపరమాణువులు అణువులోని బంధములను సడలించును. కొత్త బంధములు ఏర్పడిన పిదప క్రొత్త అణువు విడిపోవును, ఆ చోటు మరియొక అణువునకు ఖాళీ అగును.

ఇందు మరియొక విశేషము కలదు. కొండలో కనుమలు పెక్కు ఉండవచ్చును. ఒక్కొక్కటి ఒక్కొక్క ఊరికి చేర్చును. అట్లే ముడిసరకు ఒక్కటే అయినను లోహము మారినచో ఫలము మారును. ఈ విషయమునకు సహజవాయువు పరిశ్రమకంటె మంచి ఉదాహరణము దొరకదు.

మొదటి మెట్టు: అణువును విప్పుట

మీథేనును తిన్నగా ద్రవముగా మార్చుట కష్టమని తెలిసిన పిమ్మట పరిశ్రమ చుట్టుదారి త్రొక్కినది. ముందు అణువును పూర్తిగా విప్పివేసి, ఆ ముక్కలతో కోరిన అణువును మరల అల్లుట ఈ పద్ధతి.

బావివాయువులో గంధకము కలిసియుండును. గంధకము లోహ ఉత్ప్రేరకములకు విషము వంటిది. వాని ఉపరితలమును గట్టిగా అంటుకొని మరి వదలదు. కావున ముందుగా వాయువును జింకు ఆక్సైడు వంటి పదార్థముల మీదుగా పంపి గంధకమును తొలగింతురు. శుద్ధమైన వాయువును నీటి ఆవిరితో కలిపి, నికెలు నింపిన గొట్టములలో 800 డిగ్రీలకు మించిన వేడివద్ద పంపుదురు. అప్పుడు ఒక మీథేను అణువునుండియు, ఒక నీటి అణువునుండియు, ఒక కార్బన్ మోనాక్సైడు అణువును, మూడు ఉదజని అణువులును వచ్చును. ఈ చర్య మోలు ఒక్కింటికి 206 కిలోజౌళ్ల వేడిని పీల్చుకొనును. కావున గొట్టములను వెలుపలినుండి ఎడతెగక కాల్చవలెను. ఆవిరికి బదులు పరిమితముగా ఆమ్లజనిని కలిపినచో వేడి దానంతట అదే పుట్టును; అప్పుడు ఒక కార్బన్ మోనాక్సైడు అణువునకు రెండు ఉదజని అణువులు లభించును. పెద్ద కర్మాగారములలో ఈ రెండు పద్ధతులను కలిపి వాడుదురు. వచ్చిన మిశ్రమమునకు సంశ్లేషణ వాయువు అని పేరు.

ఈ మొదటి మెట్టు తెలుగునాట కూడ నడిచినదే. 1992లో కాకినాడ వద్ద ఉత్పత్తి ప్రారంభించిన యూరియా కర్మాగారము కృష్ణా-గోదావరి ప్రాంతపు సహజవాయువును నికెలుపై ఆవిరితో చర్య జరిపించి ఉదజనిని తీసినది. అక్కడ ఆ ఉదజని నత్రజనితో కలిసి, ఇనుము ఉత్ప్రేరకముగా, అమ్మోనియాగా మారి, తుదకు పొలములకు చేరినది. ఇంధనము కావలెనన్నచో దారి ఇక్కడినుండి చీలును.

రెండవ మెట్టు: అణువును అల్లుట

1902లో ఫ్రాన్సునందు సబాటియే, సాందరాన్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు కార్బన్ మోనాక్సైడును, ఉదజనిని నికెలుపై పంపి చూచిరి. మీథేను వచ్చెను. అనగా బయలుదేరిన చోటికే తిరిగి వచ్చినట్లైనది. తరువాత జర్మనీలోని మ్యూల్‌హైమ్ పట్టణమున బొగ్గు పరిశోధనాలయములో ఫ్రాంజ్ ఫిషర్, హాన్స్ ట్రాప్ష్ అనువారు ఇనుమును, కోబాల్టును వాడి చూచిరి. అప్పుడు అనేక కర్బన పరమాణువులు గల పొడవైన అణువులు, అనగా కిరోసిను, డీజిలు, మైనము వంటివి లభించెను. వారి ఫలితములు 1925-26 ప్రాంతమున వెలువడెను. నాడు జర్మనీలో చమురు స్వల్పము, బొగ్గు ఉన్నది. కావున వారు సంశ్లేషణ వాయువును బొగ్గునుండి తీసిరి. వాయువు ఎక్కడినుండి వచ్చినను రెండవ మెట్టు ఒక్కటే.

కోబాల్టుపై జరుగు పని పూలదండ గ్రుచ్చుటను పోలియుండును. కార్బన్ మోనాక్సైడులోని ఆమ్లజని ఉదజనితో కలిసి నీరుగా తొలగిపోవును. మిగిలిన కర్బనమునకు రెండు ఉదజని పరమాణువులు చేరి ఒక పువ్వు తయారగును. ఇట్టి పూలు ఒకదానివెంట ఒకటి దండకు చేరుచుండును. ప్రతి పువ్వు చేరిన తరువాతను రెండు మార్గములు ఉండును: దండ ఇంకను పెరుగవచ్చును, లేదా ముడిపడి లోహము నుండి విడిపోవచ్చును. పదిసార్లలో తొమ్మిదిసార్లు పెరుగుటకు అవకాశమున్నచో పొడుగు దండలు, అనగా డీజిలు, మైనము, అధికముగా వచ్చును. ఆ అవకాశము సగమునకు తగ్గినచో వచ్చినదంతయు దాదాపు వాయువులే. ఈ అవకాశమును నిర్ణయించునది ముఖ్యముగా లోహము, ఉష్ణోగ్రత. కోబాల్టుతో సుమారు 200 నుండి 240 డిగ్రీల వేడిని, 20 వాతావరణములకు మించిన పీడనమును వాడుదురు. అందు వచ్చిన మైనమును మరియొక ఉత్ప్రేరకము మీద ఉదజనితో కలిపి తగిన పొడవునకు త్రుంచి డీజిలుగా మార్చుదురు. ముందే గంధకమును తొలగించియుండుటవలన ఈ డీజిలు మిక్కిలి శుభ్రమైనది.

ఇందొక చిక్కు కలదు. ఒక్కొక్క పువ్వు చేరినపుడెల్ల మోలు ఒక్కింటికి సుమారు 165 కిలోజౌళ్ల వేడి పుట్టును. ఆ వేడిని వెంటనే తీసివేయనిచో ఉష్ణోగ్రత పెరిగి, దండలు చిన్నవై, మరల మీథేనే ఏర్పడును. ఉత్ప్రేరకము కూడ చెడిపోవును. కావున ఈ విద్యలో సగము రసాయనశాస్త్రము, సగము వేడిని తోడివేయు నేర్పు.

సంశ్లేషణ వాయువును రాగి, జింకు ఆక్సైడులతో చేసిన ఉత్ప్రేరకము మీదుగా పంపినచో మిథనాలు వచ్చును. ఇంగ్లండులో 1966లో అమలులోనికి వచ్చిన ఈ పద్ధతికి 250 డిగ్రీల వేడియు, 50 నుండి 100 వాతావరణముల పీడనమును చాలును. మిథనాలునుండి పెట్రోలును తీయుటకు జియోలైటు అను, సూక్ష్మరంధ్రములు గల ఖనిజము వంటి పదార్థము ఉపయోగపడును. న్యూజిలాండులోని మోటునూయి వద్ద 1985-86లో ప్రారంభమైన కర్మాగారము సముద్రగర్భపు వాయువునుండి ఇట్లు పెట్రోలును తీసినది. నికెలు మీథేనును, కోబాల్టు డీజిలును, రాగి మిథనాలును ఇచ్చును. మూడింటికిని ఆహారము ఒక్కటే.

పెద్ద యంత్రము, చిన్న మంట

విద్య ఇంత చక్కగా తెలిసియుండగా మంటలు ఏల ఆరలేదను ప్రశ్నకు నైజీరియా దేశపు అనుభవము సమాధానము చెప్పును. అక్కడ 1956లో ఒలోయిబిరి వద్ద చమురు కనుగొనబడినది. నైజరు ముఖభూములలోని పల్లెల పక్కన జ్వాలలు లేచినవి. 1979లో ప్రభుత్వము చట్టము చేసి, 1984 జనవరి 1 తరువాత అనుమతి లేనిదే వాయువును మండించరాదని శాసించినది. గడువు దాటినను మంటలు ఆగలేదు. 2005లో బెనిన్ నగరములోని ఫెడరల్ హైకోర్టు ఈ మంటలు సమీపవాసుల జీవించు హక్కునకు భంగకరములని తీర్పు చెప్పినది. ఆ తరువాతను అవి పూర్తిగా ఆగలేదు.

ఆ దేశములోనే ఎస్క్రావోసు అనుచోట, వాయువును ద్రవ ఇంధనముగా మార్చు కర్మాగారము 2014లో ఉత్పత్తి ప్రారంభించినది. దినమునకు సుమారు 92 లక్షల ఘనపు మీటర్ల వాయువునుండి 33,000 బారెళ్లు, అనగా సుమారు 52 లక్షల లీటర్ల ద్రవమును తీయుటకు అది నిర్మింపబడినది. ఘనపు మీటరు వాయువునకు అర లీటరుకంటె కొంచెము ఎక్కువ ద్రవము వచ్చునన్నమాట. మిగిలిన శక్తి వేడిగా వ్యయమగును. దాని నిర్మాణమునకైన ఖర్చు మొదటి అంచనాను అనేక రెట్లు మించి, వందలకోట్ల డాలర్లకు చేరినది.

ఇప్పుడు ఫ్లేరు మంటల సంగతి చూడవలెను. ఉపగ్రహములకు కనిపించు మంటలు లోకమున సుమారు పదివేలు. 14,800 కోట్ల ఘనపు మీటర్లను వీనికి పంచినచో, సగటున ఒక్కొక్క మంటలో దినమునకు మండునది 40,000 ఘనపు మీటర్లు మాత్రమే. ఎస్క్రావోసు కర్మాగారపు ఆకలి దీనికి రెండువందల రెట్లకు పైగా ఉన్నది. సగటు మంటనుండి తీయగల ద్రవము దినమునకు 23,000 లీటర్లు, అనగా రెండు టాంకరు లారీల సరకు. వేర్వేరుగా చూచిన ఒక్కొక్కటి స్వల్పము, కూడినచో మహారాశి. మండిపోవు వాయువునంతటిని ఇదే లెక్కన మార్చగలిగినచో ఏటా 8,400 కోట్ల లీటర్ల ద్రవము రావలెను. 2023-24లో భారతదేశము వాడిన డీజిలు సుమారు 9 కోట్ల టన్నులు. ఆ ద్రవరాశి దానిలో నాలుగింట మూడు వంతులకు మించును.

కర్మాగారమును చిన్నదిగా కట్టవచ్చును గదా అని తోచవచ్చును. కాని గాలినుండి ఆమ్లజనిని వేరుచేయుటకు దానిని సున్నకు దిగువ 180 డిగ్రీలకు మించి చల్లార్చవలెను. అట్టి యంత్రమును పదవ వంతు పరిమాణములో కట్టినంతమాత్రమున ఖర్చు పదవ వంతునకు తగ్గదు. చిన్న కర్మాగారమునకును కావలివారు, పంపులు, కొలత పరికరములు అన్నియు కావలెను. పైగా బావిలోని వాయువు నేడు ఉన్నంత రేపు ఉండదు. కొన్ని ఏండ్లకు తరిగిపోవును. ఒకచోట పాతిన యంత్రము అప్పుడు వృథా అగును.

ఈ చిక్కునకు ఒక ఉపాయము సూక్ష్మనాళములు. ఒక మీటరు భుజము గల ఘనమునకు ఉపరితలము 6 చదరపు మీటర్లు. దానిని ఒక సెంటీమీటరు భుజము గల ఘనములుగా కోసినచో మొత్తము ఉపరితలము 600 చదరపు మీటర్లగును. పరిమాణము మాత్రము మారదు. వేడి ఉపరితలము గుండగనే బయటికి పోవును గనుక, ఉత్ప్రేరకమును కొద్ది మిల్లీమీటర్ల సన్నని నాళములలో నింపి, పక్కనాళములలో నీరు ప్రవహింపజేసినచో వేడి పుట్టినది పుట్టినట్లు తొలగిపోవును. అప్పుడు చురుకైన ఉత్ప్రేరకమును నిర్భయముగా వాడవచ్చును. యంత్రము లారీపై తరలింపదగినంత చిన్నదగును. బావి ఎండినచో మరియొక బావికి తీసికొనిపోవచ్చును. 2017లో అమెరికాలోని ఓక్లహోమా నగరమున ఇట్టి కర్మాగారము, చెత్తకుప్పలనుండి వచ్చు వాయువును సహజవాయువుతో కలిపి ద్రవముగా మార్చి చూపినది. కాని సాంకేతికమైన ఇబ్బందులు తలెత్తి 2018లో దాని పని నిలిచిపోయినది. సూత్రము నెగ్గినను, ఏండ్ల తరబడి చెడక నడచు యంత్రము మరియొక విషయమని ఈ దృష్టాంతము తెలుపుచున్నది.

వరిమళ్లలో జరుగు పని

చుట్టుదారి ఇంత కష్టమైనపుడు సూటిదారి కొరకు అన్వేషణ సాగుట సహజము. ఆ సూటిదారి ప్రకృతిలో కోట్ల సంవత్సరములనుండి ఉన్నది. గోదావరి, కృష్ణా ముఖభూములలో నీరు నిలిచిన వరిమడిలో అడుగు పెట్టినచో బురదనుండి బుడగలు లేచును. ఆ బుడగలలో మీథేను ఉండును. ఆమ్లజని సోకని బురదలోని కొన్ని సూక్ష్మజీవులు దానిని పుట్టించును. అదే మడిలో, వరివేళ్ల చుట్టును, బురద పైపొరలోను, ఆమ్లజని అందు చోట మీథేనును ఆరగించి బ్రతుకు సూక్ష్మజీవులును ఉన్నవి. బురదలో పుట్టిన మీథేనులో కొంతభాగము వీనివలన గాలిలోనికి చేరకయే ఖర్చగును.

ఈ జీవులలోని ఒక ఎంజైము, మీథేనునకు ఒక ఆమ్లజని పరమాణువును చేర్చి మిథనాలుగా మార్చును. అందుకు 800 డిగ్రీల వేడి అక్కరలేదు. మడిలోని నీటి వెచ్చదనమే చాలును. ఆ ఎంజైము నడిబొడ్డున ఇనుము గాని, రాగి గాని ఉండును. అణువు పట్టునంత చిన్న గుంటలోనికి మీథేను ఒక్కటొక్కటిగా ప్రవేశించును. ఆమ్లజని అణువులోని ఒక పరమాణువు మీథేనునకు చేరును, రెండవది నీరుగా మారును. కొబ్బరికాయ పగులును, నీరు ఒలకదు.

దీనిని అనుకరించుటకు రసాయనశాస్త్రజ్ఞులు జియోలైటు రంధ్రములలో రాగిని పొదిగి చూచుచున్నారు. 2005లో బెల్జియము దేశమునందలి లూవెన్ పరిశోధకులు, ఆమ్లజనితో సిద్ధము చేసిన ఇట్టి పదార్థముపై 200 డిగ్రీలకు తక్కువ వేడివద్దనే మీథేనునుండి మిథనాలును రాబట్టగలిగిరి. అయితే ఏర్పడిన మిథనాలు రంధ్రములను వదలిరాదు; దానిని ద్రావకముతో కడిగి తీసి, పదార్థమును మరల వేడిచేసి మొదటినుండి ఆరంభించవలెను. మిథనాలు రంధ్రములలో చిక్కియుండుటవలననే మండిపోక మిగిలినది. చిక్కియుండుటవలననే పని ఎడతెగక సాగదు. ఈ రెండింటిని పొందుపరచుట నేటికిని తీరని సమస్య.

లాభనష్టములు

ద్రవముగా మార్చినంతమాత్రమున దోషమంతయు తొలగిపోదు. ఒక ఘనపు మీటరు మీథేను ఎక్కడ మండినను దాదాపు 2 కిలోగ్రాముల బొగ్గుపులుసు వాయువు వచ్చును. డీజిలుగా మారి లారీలో మండినను కర్బనము కర్బనమే. అయితే బావివద్ద వృథాగా మండిన వాయువు ఏ బండిని నడపదు. ఆ బండి కొరకు వేరొక చోట చమురు తీసి మండింపవలసి వచ్చును. రెండు మంటలకు బదులు ఒక్క మంటతో పని జరుగుట ఇందలి లాభము. మండక జారిపోవు మీథేను తగ్గుట రెండవ లాభము.

అన్ని బావులకును ఇదియే మందు అనుటయు తగదు. గొట్టపుమార్గము దగ్గరనున్నచో వాయువును అందు పంపుటయే చౌక. ఊరు దగ్గరనున్నచో విద్యుత్తును తీయుట మేలు. నార్వే దేశము ఉత్ప్రేరకముల కొరకు వేచియుండలేదు. స్వల్పకాలపు పరీక్షలకు తప్ప వాయువును మండించరాదను నియమమును 1971లో, చమురు తీయ మొదలిడిన దినములలోనే, అంగీకరించినది. అక్కడి బావులకు గొట్టపుమార్గములు, వాయువును తిరిగి ఎక్కించు ఏర్పాట్లు జతపడినవి. నైజీరియాలో చట్టము బావుల వెనుక వచ్చినది. నార్వేలో బావులతోపాటు వచ్చినది.

మారుమూలనున్న చిన్న మంటలకు మాత్రము ఉత్ప్రేరకమే ప్రధానమైన ఆశ. నిత్యము జరుగు ఈ దహనమును 2030 నాటికి మాన్పవలెనని ప్రపంచబ్యాంకు 2015లో ఒక ఉద్యమమును ఆరంభించగా, పలు ప్రభుత్వములును చమురు సంస్థలును సమ్మతించినవి. ఆ తరువాత ఎనిమిదేండ్లకు, 2023లో కూడ, మండిన వాయువు 14,800 కోట్ల ఘనపు మీటర్లున్నది. దినమునకు రెండు లారీల ద్రవమును ఇచ్చుచు, గంధకమునకు లొంగక, వేడికి చెడక, ఏండ్ల తరబడి మనుష్యుని సాయము ఎక్కువగా కోరక నడచు చిన్న యంత్రమును ఎవరు కట్టగలుగుదురో, ఆ పదివేల మంటలలో ఎక్కువ భాగమును ఆర్పగలవారు వారే. దానికి కావలసిన లోహములు అరుదైనవి కావు: నికెలు, కోబాల్టు, రాగి, ఇనుము. వానిని ఏ రీతిని అమర్చవలెనో తెలియుటయే మిగిలియున్నది.